తిరగేసి చూడండి: నీలి చైనా పింగాణీపై పాఠకుల ప్రశ్నలు

పాత చైనా నీలం–తెలుపు పింగాణీ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి జవాబులివి. ఫొటో పంపి ధర చెప్పమన్నవాళ్లు మన్నించాలి. ఫొటోలో బరువు తెలియదు, అడుగు సరిగ్గా కనిపించదు. ఆ రెండూ చూడకుండా చెప్పే ధర చిలక జోస్యమే.

ప్రశ్న (విశాఖపట్నం): మా తాతగారు రంగూన్ నుంచి తెచ్చిన కూజా ఒకటి ఇంట్లో ఉంది. అడుగున ఆరు చైనా అక్షరాలు, వాటి చుట్టూ రెండు నీలి వలయాలు. ఫోన్‌లో ఆప్‌తో చదివిస్తే ‘కాంగ్షీ’ అనే చక్రవర్తి పేరు వచ్చింది. అంటే మూడు వందల ఏళ్ల నాటిదేనా?

జవాబు: ఆప్ తప్పు చదివి ఉండకపోవచ్చు. అయితే అది చదివింది అక్షరాలను, కూజాను కాదు.

ముందు ఆ అక్షరాలు మీరే చదవడం నేర్చుకోండి, పెద్ద పనేం కాదు. కుడివైపు వరస పైనుంచి కిందికి, ఆ తర్వాత ఎడమ వరస. మొదటి అక్షరం ‘దా’, చేతులు చాచి నిలబడ్డ మనిషిలా ఉంటుంది, ‘మహా’ అని అర్థం. రెండోది రాజవంశం పేరు. దాని ఎడమ పక్కన మూడు నీటి చుక్కలుంటే ‘చింగ్’, అడ్డగీత గీసిన చిన్న పెట్టె ఉంటే ‘మింగ్’. మూడు, నాలుగు అక్షరాలు చక్రవర్తి పాలనకు పెట్టుకున్న పేరు. చివరి రెండూ ‘న్యెన్ జి’, అంటే ఆయన ఏలుబడిలో చేసినది అని. నాలుగే అక్షరాలుంటే వంశం పేరు వదిలేశారన్నమాట.

చిక్కంతా ఎక్కడంటే, చైనా కుమ్మరులు పాత చక్రవర్తుల పేర్లు వేయడం తప్పుగా చూడలేదు. పెద్దల పేరు పిల్లలకు పెట్టుకున్నట్టే అనుకోండి. షుయెన్‌ద (1426–1435), చెంగ్‌హ్వా (1465–1487) గుర్తులు ఆ తర్వాత నాలుగు వందల ఏళ్లపాటు వేస్తూనే వచ్చారు. కాంగ్షీ కాలం 1662 నుంచి 1722 దాకా. 1677లో, పింగాణీ బట్టీల ఊరు జింగ్‌దెజెన్ ప్రాంతపు అధికారి ఒకరు పింగాణీ మీద చక్రవర్తి పేరు రాయొద్దని నిషేధించాడు. కుండ పగిలి చెత్తలో పడితే ఆ పేరు కాళ్ల కింద నలుగుతుందన్న భయం. దాంతో అప్పటి ప్రైవేటు బట్టీలవాళ్లు చెంగ్‌హ్వా పేరు వేశారు, లేదా ఒక ఆకు బొమ్మో, శంఖమో, ఏమీ రాయని రెండు వలయాలో వేసి ఊరుకున్నారు. అందుకే నిజంగా కాంగ్షీ కాలంలో పుట్టిన వాటిలో చాలావాటి మీద కాంగ్షీ పేరు ఉండదు. ఆ పేరున్న వాటిలో చాలా భాగం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చేసినవి. నీలిరంగు మంచు పగుళ్ల మధ్య తెల్లని పూలకొమ్మలున్న గుండ్రటి అల్లం జాడీ మీద నాలుగక్షరాల కాంగ్షీ గుర్తు కనిపిస్తే, ముందుగా ఈ 19–20 శతాబ్దాల నాటిదనే అనుకోవాలి.

అడుగున ఇంగ్లిష్‌లో ‘చైనా’ అని ఉందేమో కూడా చూడండి. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం, దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలంది. 1891 నుంచి ఆ పేరు పడింది. ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే సాధారణంగా ఇంకా తర్వాతిది. ఆ మాట లేనంత మాత్రాన పాతదని మాత్రం అనుకోవద్దు. అమెరికాకు వెళ్లని సరుక్కి ఆ అవసరమే లేదు, ఉన్నదాన్ని సానరాయితో అరగదీసేవాళ్లూ ఉన్నారు. అడుగు మధ్యలో గ్లేజు (గాజులాంటి పైపూత) పోయి గరుగ్గా ఒక మచ్చ తగిలితే సంగతి అదే.

మొత్తం మీద గుర్తును చివర చూడండి. ఏ క్రమంలో చూడాలన్నది కింది జవాబులో ఉంది.

ప్రశ్న (గుంటూరు): పాత సామాన్ల దుకాణంలో ఒక వస్తువు చేతికి వచ్చినప్పుడు పది నిమిషాల్లో ఏమేం చూడాలి? నకిలీలు ఏ చోట దొరికిపోతాయి?

జవాబు: బల్ల మీద మందపాటి తువ్వాలు పరిపించుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసి జేబులో పెట్టుకోండి. మూత ఉంటే ముందు దాన్ని తీసి పక్కన పెట్టాలి. అంచు పట్టుకునో మెడ పట్టుకునో ఎత్తొద్దు. ఒక చెయ్యి అడుగు కింద, రెండోది పొట్ట మీద ఉండాలి. 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం, ఒక మంచి టార్చి, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి, ఈ మూడూ ఉంటే చాలు.

ఇది ఎలా తయారవుతుందో తెలిస్తే ఎక్కడ చూడాలో దానంతటదే తెలుస్తుంది. జియాంగ్షీ రాష్ట్రంలోని జింగ్‌దెజెన్ కుమ్మరులు పింగాణీ రాయి పొడిని, కేయోలిన్ అనే తెల్లమట్టిని కలిపి కుండ చేస్తారు. కేయోలిన్ అన్న పేరే ఆ పక్కనున్న గావోలింగ్ అనే ఊరి నుంచి వచ్చింది. ఆరిన పచ్చికుండ మీదే కోబాల్ట్ నీలిరంగుతో బొమ్మ వేసి, పైన గ్లేజు పట్టించి, దాదాపు 1300 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒకేసారి కాలుస్తారు. కాబట్టి నీలం గ్లేజు అడుగున ఉంటుంది, గోటికి తగలదు. పచ్చికుండ అద్దుడు కాగితంలా రంగును పీల్చేస్తుంది, వేసిన గీతను దిద్దుకునే వీలుండదు. అందుకే రోజుకు వందల గిన్నెలు రాసిన చేతి గీతలో తడబాటు కనిపించదు. బొమ్మను చూసి చూసి నకలు తీసినవాడి గీత మాత్రం మధ్యలో ఆగుతుంది, వణుకుతుంది, మళ్లీ మొదలవుతుంది. భూతద్దంలో ఆ ఆగిన చోట రంగు చిన్న గుబురుగా కనిపిస్తుంది.

ఇప్పుడు తిరగేయండి. కుండ నిలబడే గుండ్రటి అంచును ‘అడుగు చుట్టు’ అందాం. అక్కడ గ్లేజు ఉంటే బట్టీలో కిందికి అతుక్కుపోతుంది కాబట్టి తుడిచేస్తారు. కాలిన మట్టి బయటపడే చోటు ముఖ్యంగా అదే, సగం జవాబు అక్కడే ఉంటుంది. మింగ్ కాలపు వాటిలో గ్లేజు ఆగిన గీత వెంబడే సన్నటి నారింజ ఛాయ ఉంటుంది. మట్టిలోని ఇనుము, బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి తేల్చిన రంగది. మింగ్ చివరి ఎగుమతి పళ్లేల్లో అడుగు చుట్టుకు ఇసుక రేణువులు అంటి ఉంటాయి, అడుగు మధ్య నుంచి బయటికి కుండను చెక్కేటప్పుడు కత్తి అదిరి పడ్డ సన్నటి గీతలు సైకిల్ చక్రం పుల్లల్లా పరుచుకుని ఉంటాయి. కాంగ్షీ మంచి రకంలో మట్టి తెల్లగా, చాలా నున్నగా ఉంటుంది. కొత్తవాటి అడుగు చుట్టు సున్నపుముక్కలా పొడిగా ఉండి, యంత్రం మీద సానపెట్టిన సమాంతర గీతలు కనిపిస్తాయి.

పాతదనం కోసం ఆ చోట టీ డికాషన్, గోధుమరంగు, చెప్పుల పాలిష్ పూస్తారు. దుకాణదారుడు ఒప్పుకుంటే మూలగా ఒకచోట ముందు తడి దూదితో, తర్వాత అసిటోన్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దండి. బట్టీలో వచ్చిన నారింజ ఛాయ దూదికి అంటదు. అరుగుదల కూడా ఎక్కడ ఉందో చూడండి. కుండ బల్లకు ఆనే చోటే అరగాలి. బల్లకు ఎప్పుడూ తగలని లోపలి గోడ కూడా అంతే మురికిగా ఉంటే ఆ మురికి ఎవరో పూసినదే.

తర్వాత గ్లేజు. వందల ఏళ్ల వాడకంలో గీతలు అన్ని దిక్కులా, పొడుగూ పొట్టీగా, ఉబ్బెత్తు చోట్ల ఎక్కువగా పడతాయి. గరుకు కాగితం గీతలన్నీ ఒకే వాలులో ఉంటాయి. మెరుపు తగ్గించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కడిగే మోసం ఒకటుంది. అప్పుడు చెయ్యి తగలని సందుల్లో కూడా గ్లేజు ఒకే తీరుగా మసకబారుతుంది, భూతద్దంలో పైనున్న బుడగలు నోళ్లు తెరుచుకుని గుంటల్లా కనిపిస్తాయి.

నీలం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. మింగ్‌కు ముందు ఏలిన యువాన్ వంశం నాటి, ఆ తర్వాత మింగ్ చక్రవర్తులు యోంగ్‌ల, షుయెన్‌ద కాలాల నాటి మంచి వస్తువుల్లో ఇరాన్ వైపు నుంచి తెచ్చిన కోబాల్ట్ వాడారు. అందులో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. కుంచె ఆగి రంగు పోగుపడిన చోట, ఉదాహరణకి తామర ఆకు కొసనో తీగె మెలికలోనో, నల్లటి చుక్కలు తేలతాయి. వస్తువును కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ చుక్క తగరపు రేకులా మసక మెరుపు మెరుస్తుంది. వేలితో నిమిరితే గ్లేజు అక్కడ కొద్దిగా లోపలికి కుంగినట్టు తెలుస్తుంది. నకిలీ చేసేవాడు ముదురు రంగు చుక్కలు విడిగా పెడతాడు. అవి కుంచె దారితో సంబంధం లేకుండా, సమదూరంలో, మెరుపు లేకుండా ఉంటాయి. జియాజింగ్ కాలపు (1522–1566) నీలం ఊదా వైపు మొగ్గుతుంది. కాంగ్షీ కాలపు వాళ్లు చైనాలోనే జెజియాంగ్ వైపు దొరికే కోబాల్ట్‌ను శుభ్రం చేసి, నీళ్లు కలిపి, ఒకే రంగును లేతగా, ముదురుగా అనేక పొరల్లో వాడారు. కొండల బొమ్మ ఉంటే ముందు కొండకీ వెనక కొండకీ నీలంలో తేడా చూడండి. ఆ పొరల పనితనాన్ని చవక నకలు పట్టుకోలేదు.

అచ్చు బొమ్మయితే భూతద్దమే చెప్పేస్తుంది. ఒకే పరిమాణంలో చుక్కల వరసలు కనిపిస్తాయి. బొమ్మ చుట్టి వచ్చి కలిసే చోట తీగె కొసకు కొస అతకదు.

చివరిగా లోపలికి టార్చి వేయండి. పాత కూజాలను రెండు మూడు ముక్కలుగా చేసి అడ్డంగా అతికేవాళ్లు. ఆ అతుకు బయట కనిపించకపోయినా లోపల వేలికి దిమ్మెలా తగులుతుంది. మూసలో పోసిన కొత్తదానిలో గోడ మందం అంతటా ఒకటే, చక్రం తిప్పిన వలయాలు ఉండవు. ఇవన్నీ కుదిరాక అప్పుడు గుర్తు చదవండి. అన్నీ ఒక కాలాన్ని చెప్పి గుర్తొక్కటే వేరే కాలాన్ని చెబితే, నమ్మాల్సింది మిగతావాటినే.

ప్రశ్న (రాజమహేంద్రవరం): నీలిరంగులో వంతెన, ఏడుస్తున్నట్టు వాలిన చెట్టు, రెండు పక్షులు, మేడ ఉన్న పళ్లేలు ఆరు మా ఇంట్లో ఉన్నాయి. చైనావేనా?

జవాబు: దాదాపు ఖాయంగా ఇంగ్లండువి. ‘విల్లో’ డిజైన్ అంటారు. 18వ శతాబ్దం చివర ఇంగ్లిష్ కుమ్మరులు చైనా బొమ్మలను చూసి అల్లుకున్నది. రాగిరేకు మీద చెక్కి, కాగితం మీదికి తీసి, పళ్లెం మీద అద్దుతారు. అంచు డిజైన్ ఒకచోట తెగి మళ్లీ మొదలవుతుంది, వెతికితే దొరుకుతుంది. పళ్లెం వెనక చెయ్యి అడ్డుపెట్టి దీపానికెదురుగా పట్టుకోండి. పింగాణీ అయితే పలచని చోట వేళ్ల నీడ కనిపిస్తుంది, తెల్లగా చేసిన ఇంగ్లిష్ మట్టి సామానులో కనిపించదు. పెచ్చు ఊడిన చోట పింగాణీ గాజులా బిగుతుగా ఉంటుంది, మట్టిది సుద్దలా ఉండి నాలుకకు పట్టుకుంటుంది.

జపాన్ వాటితోనూ పొరపాటు పడుతుంటారు. జపాన్‌లోని అరితలో చేసిన పళ్లేల అడుగున, చుట్టు లోపల, గ్లేజు మీద మూడు నుంచి ఐదు చిన్న గుచ్చుడు మచ్చలు ఉంటాయి. కాల్చేటప్పుడు నడుము కుంగకుండా పెట్టిన మట్టి ముళ్ల గుర్తులవి. చైనా పళ్లేల్లో ఇది అరుదు.

ప్రశ్న (హైదరాబాద్): చేత్తో పట్టుకోలేకపోయినా, అసలైనవి కళ్లారా ఎక్కడ చూడొచ్చు?

జవాబు: మీ ఊళ్లోనే. సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడో సాలార్‌జంగ్ సేకరించిన చైనా పింగాణీ ఉంది. ఒక్క పూటలో అన్నీ చూడబోకండి. ఒక అల్మారా ముందు అరగంట నిలబడి గ్లేజు తెలుపులో ఉన్న లేత నీలి ఛాయను కంటికి అలవాటు చేసుకోండి. ఆ ఛాయ తెలిసిన కంటికి బజారులోని పాలలాంటి తెలుపు వెంటనే తేడా కొడుతుంది. కొచ్చి వెళ్తే పరదేశి యూదుల ప్రార్థనాలయం నేల చూడండి. 18వ శతాబ్దంలో చైనా నుంచి తెప్పించిన నీలం–తెలుపు పలకలు, చేత్తో రాసినవి. పోలిక కోసం రెండు పలకలు పక్కపక్కనే చూస్తే చాలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకి: లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పెర్సివల్ డేవిడ్ సేకరణ తప్పక చూడాల్సినది. అందులోని జంట కూజాల మెడ మీద దేవాలయానికి సమర్పించినట్టు శాసనం, అందులో 1351వ సంవత్సరానికి సరిపోయే తేదీ ఉన్నాయి. యువాన్ నాటి నీలం–తెలుపు కాలాన్ని పండితులు వాటితో పోల్చే నిర్ణయించారు. ఇస్తాంబుల్ తోప్‌కాపి రాజభవనంలో చైనా పింగాణీ పది వేలకు పైనే.

ప్రశ్న (విజయవాడ): కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం కొనాలి? ‘ఓడ మునిగిన సరుకు’ అంటూ అమ్మేవి నమ్మొచ్చా?

జవాబు: చక్రవర్తి బట్టీ సరుకు మీద ఆశ పెట్టుకోవద్దు. మొదటి ఏడాది పగిలినవి, పెచ్చులూడినవి కొనండి. అంచు విరిగిన కాంగ్షీ సాసరు, అతుకు పడని నిండు నకిలీ కంటే చాలా ఎక్కువ నేర్పుతుంది. విరిగిన చోట మట్టి, గ్లేజు మందం, నీలం ఎంత లోతులో ఉందన్నది అడ్డకోతలా కనిపిస్తాయి.

మునిగిన ఓడల సరుకు మొదటి కొనుగోలుకి మంచిదే, ఎందుకంటే కాలం ముందే తెలుసు. డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గెల్డర్‌మాల్‌సెన్’ చైనా రేవు కాంటన్ నుంచి బయల్దేరి 1752 జనవరిలో దక్షిణ చైనా సముద్రంలో మునిగింది. మునిగిన ఓడల సరుకు వెతికే మైకేల్ హ్యాచర్ 1985లో దాని సరుకును వెలికితీశాడు. లక్షన్నరకు దగ్గరగా వస్తువులు 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చాయి. ‘నాన్‌కింగ్ కార్గో’ అన్న పేరుతో అమ్మేవి ఇవే. 1822లో మునిగిన ‘టెక్ సింగ్’ అనే చైనా ఓడ నుంచి 1999లో తీసినవి దాదాపు మూడున్నర లక్షలు, 2000లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో అమ్మారు. టెక్ సింగ్ సరుకులో ఎక్కువ భాగం ఫుజియాన్ రాష్ట్రంలోని దెహ్వా బట్టీలది, సామాన్యుల వంటింటి గిన్నెలు. గిన్నె లోపల మధ్యలో గ్లేజు లేని వలయం ఉంటుంది. ఒకదానిలో ఒకటి పేర్చి కాల్చడానికి తుడిచిన చోటది, లోపం కాదు.

నమ్మడం విషయానికొస్తే, వేలంశాల వేసిన లాట్ నంబరు కాగితం, ధ్రువపత్రం, పాత రసీదు మూడూ ఒకే వస్తువును చెప్పాలి. ఒక్క కాగితపు బిళ్లను చూసి కొనొద్దు. బిళ్ల ఊడదీసి వేరేదానికి అతికించడం నిమిషం పని. సముద్రపు ఇసుక రుద్దిన వస్తువు ఒక పక్కే ఎక్కువ మసకబారి ఉంటుంది, ఇసుకలో కూరుకున్న రెండో పక్క మెరుస్తుంటుంది. నాలుగు వైపులా ఒకే తీరున మసకగా ఉండి, పైన గవ్వలు జిగురుతో అతికినట్టున్నవి తోలుబొమ్మలాటే.

ప్రశ్న (ఖమ్మం): కొన్న గిన్నెను వేడినీళ్లలో బ్లీచింగ్ వేసి నానబెట్టాను. లేని పగులు ఒకటి కనిపించింది, అంచు దగ్గర పసుపు పట్టీలా ఏదో తేలింది. ఏం చేయాలి?

జవాబు: పగులు ముందునుంచీ ఉంది. పసుపు పట్టీ పాత మరమ్మతు. విరిగిన అంచును రెసిన్‌తో పూరించి, పైన రంగు, వార్నిష్ కొట్టి అమ్మారు. వేడికీ బ్లీచింగ్‌కీ ఆ పూత ఉబ్బి పసుపెక్కింది. మీరు చెడగొట్టారని బాధపడొద్దు, దాచింది బయటపడింది.

ఇకముందు కొనేముందే పట్టుకోండి. చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే రెసిన్, వార్నిష్ చాలాసార్లు పాలపొడిలాగో ఆకుపచ్చగానో వెలుగుతాయి. గ్లేజు తీరు వేరుగా ఉంటుంది. గిన్నెను వేళ్ల కొసల మీద నిలిపి గోటితో మీటితే గంట మోగినట్టు నిలవాలి. ‘టక్’ మని చస్తే ఎక్కడో పగులుంది. మూతి ఇరుకైన కూజాలకు ఈ పరీక్ష అంతగా పనికిరాదు. పంటి అంచుతో తాకితే గ్లేజు చల్లగా, గట్టిగా, పూత మెత్తగా, గోరువెచ్చగా తెలుస్తుంది. చూసేవాళ్లు ఏమనుకున్నా ఇది మంచి పరీక్షే.

కడగడానికి ప్లాస్టిక్ తొట్టి, అడుగున తువ్వాలు, గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల లిక్విడ్ సబ్బు చాలు. ఒక్కొక్కటే కడగాలి. అతుకులున్న వాటిని అసలు నానబెట్టకండి, తడిబట్టతో తుడవండి. పగులులోని మురికి పోవాలంటే మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది తడిపి పగులు మీద కప్పి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి ఒక రోజు ఉంచండి, మర్నాడు దూది మార్చండి. తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. బంగారుపూత ఉన్నవాటికీ పాత మరమ్మతులకీ ఇది వద్దు. క్లోరిన్ బ్లీచ్ వాడితే ఆ ఉప్పు పగులులో మిగిలిపోయి తర్వాత తెల్లగా పొడి దేలుతుంది.

విరిగితే క్షణాల్లో అతుక్కునే జిగురు జోలికి వెళ్లొద్దు. ఒకసారి వంకరగా అంటిందంటే సరిచేయడం నరకం. మ్యూజియంలవాళ్లు పారలాయిడ్ బీ–72 అనే దాన్ని అసిటోన్‌లో కరిగించి వాడతారు, మళ్లీ అసిటోన్‌తోనే విప్పుకోవచ్చు. ముక్కలు మీరు అతికించలేకపోతే ఒక్కో ముక్కను విడిగా కాగితంలో చుట్టి దాచండి. రాపిడి తగిలితే అంచులు అరిగి, రేపు ఎంత నేర్పరి వచ్చినా సందు కనిపిస్తుంది. వెనకవైపు పాత ఇనుప కుట్లున్న పళ్లెం దొరికితే వాటిని పీకేయొద్దు, అవి ఆ పళ్లెం చరిత్ర. కాకపోతే సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పగులును పెంచుతుంది, పొడిచోట ఉంచాలి. గోడకు వేలాడదీసే స్ప్రింగు తీగెలు అంచును రాత్రింబగళ్లు లాగుతూనే ఉంటాయి. చెక్క స్టాండే మేలు.

ప్రశ్న (కరీంనగర్): లాబ్‌లో పరీక్ష చేయిస్తే తేలిపోదా?

జవాబు: కొంతవరకే. థర్మోల్యూమినెసెన్స్ పరీక్ష, మట్టి చివరిసారి కాలినప్పటి నుంచి అందులో పోగైన రేడియేషన్‌ను కొలుస్తుంది. పింగాణీకి అడుగున 3–4 మిల్లీమీటర్ల మేర డ్రిల్ చేసి ముక్క తీయాలి. చిన్న గిన్నెకు అదే పెద్ద గాయం. ఖచ్చితమైన ఏడు చెప్పదు, పాతదా కొత్తదా అన్నది చెబుతుంది. ముందుగా ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీయిస్తే ఆ రేడియేషన్ కూడా లెక్కలో కలిసి వస్తువు ఉన్నదానికన్నా పాతదిగా కనిపిస్తుంది. మోసగాళ్లకూ ఈ సంగతి తెలుసు. ఇంకో ఎత్తు కూడా ఉంది. పగిలిన నిజమైన మింగ్ పళ్లెం అడుగును తీసి, కొత్త పొట్టకు అతికిస్తారు. ముక్కను అడుగులోంచి తీస్తారు కాబట్టి లాబ్ ‘పాతదే’ అంటుంది. అడుగు చుట్టుకు కొంచెం పైన, లోపలా బయటా, టార్చితో అతుకు వెతకండి.

గుచ్చకుండా చేసేది ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్. నీలంలో మాంగనీసు, ఇనుము నిష్పత్తి చెబుతుంది. చైనా కోబాల్ట్‌లో మాంగనీసు ఎక్కువ. యువాన్ నాటిదని అమ్మిన కూజాలో మాంగనీసు పొంగిపొర్లితే ఆ మాట అనుమానించాల్సిందే.

ప్రశ్న (డాలస్, అమెరికా): మా అమ్మమ్మగారింట్లోని పాత చైనా జాడీ ఇండియా నుంచి తెచ్చుకోవచ్చా? చైనాది కదా, మన చట్టానికేం సంబంధం?

జవాబు: సంబంధం ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళా సంపద చట్టం 1976 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. నూరేళ్లు, అంతకు పైబడిన కళావస్తువు, పనితనపు వస్తువు ఏదైనా పురావస్తువే. మన దేశంలో తయారై ఉండాలన్న షరతు అందులో లేదు. పురావస్తువులను దేశం దాటించే హక్కు కేంద్రప్రభుత్వానికీ అది అనుమతించిన సంస్థకూ తప్ప వ్యక్తులకు లేదు. పట్టుబడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, జరిమానా.

జాడీ నూరేళ్ల లోపుదని మీరనుకుంటే, భారత పురావస్తు సర్వేక్షణ శాఖ నిపుణుల సంఘానికి వస్తువునూ ఫొటోలనూ చూపించి ‘పురావస్తువు కాదు’ అన్న పత్రం తీసుకుని, దాన్ని సామానుతో పాటు ఉంచుకోండి. విమానం టికెట్టు కొన్నాక కాదు, కొనకముందే. సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చేద్దామన్న ఆలోచన మాత్రం వద్దు.

ప్రశ్న (నెల్లూరు): తీరం దగ్గర తవ్వకాల్లో చైనా పెంకులు దొరికాయని విన్నాం. మాకు దొరికితే ఉంచుకోవచ్చా?

జవాబు: మీ ప్రాంతంలోని కొట్టపట్నంలో చైనా పింగాణీ పెంకులు బయటపడ్డ మాట నిజమే. మధ్యయుగాల్లో మన తూర్పుతీరపు రేవులకూ చైనాకూ వర్తకం సాగిందనడానికి అవి ఆధారం. ఢిల్లీలో తుగ్లక్ రాజభవనం దగ్గర యువాన్ నాటి నీలం–తెలుపు పళ్లేల పెంకులే దొరికాయి.

ఏరుకుని ఇంటికి తెచ్చుకోవద్దు. పెంకు విలువ అది పడున్న చోటులోనే ఉంది. ఏ పొరలో, దేని పక్కన దొరికిందన్నది పోతే మిగిలేది గాజుముక్కే. ఉన్నచోటే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, రాష్ట్ర పురావస్తు శాఖకు చెప్పండి. భూమిలో దొరికిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం. ఆ పది రూపాయల అంకె 1878లో పెట్టినదే.

ప్రశ్న (భీమవరం): నీలి పూల పాత చైనా జాడీలో ఆవకాయ పెట్టొచ్చా?

జవాబు: గ్లేజు కింది నీలం కాబట్టి రంగు దిగదు, ఆ గ్లేజులో సీసం ఉండదు. ఎరుపు, ఆకుపచ్చ రంగులు పైన గోటికి తగిలేలా ఉంటే మాత్రం తినే పదార్థం ఏదీ పెట్టొద్దు, ఆ రంగుల్లో సీసం ఉంటుంది. అయినా నీలి జాడీలో కూడా వద్దనే అంటాం. అల్లం జాడీల మూతి అంచుకు గ్లేజు ఉండదు. నూనె, ఉప్పు, కారం ఆ అంచులోకీ, కంటికి ఆనని వెంట్రుకవాసి పగుళ్లలోకీ దిగితే ఎర్రటి గీతై నిలిచిపోతుంది, పెరాక్సైడ్‌కు కూడా లొంగదు. ఆవకాయకి ఆ గోధుమరంగు–తెలుపు జాడీయే వాడండి.